పొదిలి నుంచి హైదరాబాద్ హాస్టల్‌కి సామాను: తాత ట్రంకు పెట్టె తీసుకెళ్లాలా వద్దా?

పొదిలిచెరువుగట్టు
ఆదివారం, రాత్రి 9:12

అన్నలకీ అక్కలకీ నమస్తే. నాకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. సీటు వచ్చిన రోజు ఇంట్లో స్వీట్లు పంచారు, మరుసటి రోజు సామాను గొడవ మొదలైంది, అది ఇంకా తెగలేదు.

నాయన అటక మీద నుంచి తాత మిలటరీ ట్రంకు దించాడు. తాతది గిద్దలూరు వైపు, పెట్టె మీద ఇప్పటికీ ఆయన పేరూ నంబరూ తెల్ల రంగుతో ఉన్నాయి. ఖాళీ పెట్టెనే నేను రెండు చేతులతో ఎత్తలేకపోతున్నా. అమ్మ దాంట్లో పెట్టాలని పక్కన పేర్చినవి చెబుతా చూడండి: రైస్ కుక్కరు, పచ్చళ్లు నాలుగు డబ్బాలు, కారం, కందిపొడి, టేబుల్ ఫ్యాను, ఇనప చీరల స్టాండు లాంటిది ఒకటి (అదెందుకో ఆమెకీ తెలీదు). ఇవి కాక విడిగా బూరుగు దూది పరుపు, రెండు బకెట్లు, 25 కేజీల బియ్యం మూట, నా డిగ్రీ పుస్తకాలు.

మాకు రైలు లేదు. నడికుడి శ్రీకాళహస్తి లైను మా పొదిలి మీదుగానే అంటున్నారు, నా ఎమ్మెస్సీ అయ్యేలోపు ఎక్కుతానేమో చూడాలి. ప్రస్తుతానికి ఒంగోలు పోవాల్సిందే. నాయన మాత్రం బండి మాట్లాడి అన్నీ వేసుకుని పోదాం అంటున్నాడు. ఇంతకుముందు ఇట్టా పోయినవాళ్లు చెప్పండి, ఏం చేయను?

గెలాక్సీరాయి
ఆదివారం, రాత్రి 9:40

చెల్లెమ్మా కంగ్రాట్స్. మాది చీమకుర్తి, నాకు టాటా ఏస్ బండ్లు రెండున్నాయి, కాబట్టి ఈ మాట నేను చెప్పకూడదు, అయినా చెబుతున్నా: బండి వద్దు. మీ ఊరి నుంచి హైదరాబాద్ పోనూ రానూ 600 కిలోమీటర్లు దాటుతుంది, తిరుగు ప్రయాణంలో బండి ఖాళీగా వస్తుంది, ఆ ఖాళీకి కూడా డబ్బు మీ నాయనే కట్టాలి. దానికి డ్రైవరు బత్తా, టోలు కలుపుకో. ఆ డబ్బులో సగం పెడితే పరుపు, బకెట్టు, ఫ్యాను అన్నీ ఆడే కొత్తవి కొనుక్కోవచ్చు. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకే చోటికి పోతుంటే అప్పుడు బండి లెక్క కుదురుతుంది, ఒక్క మనిషికి కుదరదు.

కనిగిరినీళ్లు
ఆదివారం, రాత్రి 10:05

నేను ఒప్పుకోను. నేను రెండే రెండు బ్యాగులతో పోయినవాణ్ణి, మొదటి వారంలోనే 4000 దాకా ఖర్చయింది. బకెట్టు కొను, హ్యాంగర్లు కొను, గ్లాసు కొను, దిండు కొను. ఇంట్లో ఉన్న వస్తువును అటక మీద పెట్టి ఊరు కాని ఊర్లో అదే వస్తువు కొనడం ఏంది? మనం నీళ్ల క్యాన్లు మోసి పెరిగినోళ్లం, ఒక ట్రంకు మోయలేమా. తీసుకెళ్లమ్మా, నీ తాత పెట్టె అది.

పెన్నాఒడ్డు
ఆదివారం, రాత్రి 10:31

కనిగిరి తమ్ముడూ, క్యాను మోసి ఇంట్లో దించుతావు, రైలుకి ఎక్కించవు కదా. అసలు ఇబ్బంది అక్కడుంది.

అమ్మాయ్, నువ్వు పోయేది సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి నీకు నారాయణాద్రి రైలు ఉంది. తిరుపతి నుంచి గూడూరు, నెల్లూరు, ఒంగోలు మీదుగా పోయి గుంటూరు, నల్లగొండ దారిలో లింగంపల్లి దాకా పోతుంది. రాత్రి ఒంగోలులో ఎక్కితే తెల్లవారి లింగంపల్లిలో దిగొచ్చు, యూనివర్సిటీ అక్కడికి దగ్గరే. చాలామంది తెలియక సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోకి బోలెడు పోసి ఊరంతా దాటుకుని వస్తారు. అదే రైల్లో ఇంకాసేపు కూర్చుంటే సరిపోయేదానికి. నేనూ మొదటిసారి అదే పని చేశా.

లింగంపల్లి చివరి స్టేషను, అక్కడ నిదానంగా దించుకోవచ్చు, ఎవరూ తొందర పెట్టరు. ఒంగోలులో అట్టా కాదు. రైలు ఆగేది నిమిషమో రెండు నిమిషాలో. ఆ రెండు నిమిషాల్లో బోగీ వెతుక్కుని, తలుపు దగ్గర దిగేవాళ్లను దాటుకుని, ట్రంకూ పరుపూ బియ్యం మూటా ఎక్కించడం జరగని పని. నీ సామాను ఎంతుండాలో నిర్ణయించేది హాస్టల్ గది కాదు, ఒంగోలు ప్లాట్‌ఫారం.

ఇక రూలు. స్లీపరులోనూ థర్డ్ ఏసీలోనూ ఒక టికెట్టుకి 40 కేజీల దాకా ఉచితం, సెకండ్ క్లాసులో 35. పెట్టె కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదు, థర్డ్ ఏసీ అయితే ఇంకా చిన్నది. 25 సెంటీమీటర్లంటే అడుగు కూడా కాదు. పాత మిలటరీ ట్రంకులు అడుగుంబావు, అడుగున్నర ఎత్తుంటాయి, బెర్తు కిందకి దూరవు. దూరకపోతే దారిలో పెట్టాలి, రాత్రంతా వచ్చేపోయేవాళ్ల మోకాళ్లకి తగిలి నీకు తిట్లు. బరువు ఎక్కువైతే ముందే పార్సిల్ ఆఫీసులో తూకం వేయించి రసీదు తీసుకుని బ్రేక్ వ్యానులో (అదే రైలుకి ఉండే సామాను బోగీ) వేయించొచ్చు, కానీ నా అనుభవంలో కొద్దిసేపు ఆగే స్టేషన్లలో ఆ సరుకు మనతోపాటే వస్తుందన్న నమ్మకం లేదు.

టికెట్ ఇప్పుడే చూసుకో. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు, కాలేజీలు తెరిచే సమయంలో త్వరగా నిండిపోతుంది. దొరక్కపోతే ముందు రోజు తత్కాల్, ఏసీకి పొద్దున 10 గంటలకి, స్లీపరుకి 11 గంటలకి.

గెలాక్సీరాయి
ఆదివారం, రాత్రి 10:38

"నీ సామాను ఎంతుండాలో నిర్ణయించేది ఒంగోలు ప్లాట్‌ఫారం". ఇది నా బండి వెనక రాయించుకుంటా అన్నా.

నెమలికూత
ఆదివారం, రాత్రి 11:20

నేను అదే యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నా, మాది కావలి. ముందు ఒక మాట, ఇది 1974లో పెట్టిన పాత క్యాంపస్, వేల ఎకరాలు, నడక చాలా ఉంటుంది. గేటు నుంచి నీకిచ్చే హాస్టలు దాకా, హాస్టలు నుంచి డిపార్ట్‌మెంటు దాకా అన్నీ దూరమే, అందుకే సగం మంది సైకిళ్ల మీద తిరుగుతారు. ఈ ఎండలో ట్రంకు ఈడ్చుకుంటూ ఎవర్నీ నేను చూడలేదు, చూస్తే మాత్రం ఫొటో తీసుకుంటా.

నాకిచ్చిన గదిలో మంచం, బల్ల, కుర్చీ, గోడకి అలమర ఉన్నాయి. ఫ్యాను పైన ఉంది. పరుపు మనదే. అయితే ఇంటి నుంచి పరుపు తేవద్దు, రెండు కారణాలు. ఒకటి, హాస్టలు మంచాలు ఇంటి మంచాల కొలత కాదు, నేను తెచ్చుకున్నది ఒక పక్క నుంచి జానెడు బయటికి వేలాడేది, రాత్రి అటు దొర్లితే నేలమీదే. రెండు, బూరుగు దూది పరుపు చుట్టినా అది చుట్టుకోదు, మనల్ని చుట్టుకుంటుంది. మొదటి రెండు రాత్రులు ఒక బొంత, దుప్పటి వేసుకుని పడుకో, మంచం టేపుతో కొలుచుకో, లింగంపల్లి, చందానగర్ వైపు కొబ్బరిపీచు పరుపు కొనుక్కో. నేను 1800 పెట్టా, మూడేళ్లయింది, ఇంకా బాగానే ఉంది. కొనేముందు సీనియర్ల గ్రూపుల్లో అడుగు, చదువు అయిపోయి పోయేవాళ్లు పరుపులు, బకెట్లు, సైకిళ్లు సగం ధరకి, ఒక్కోసారి ఊరికే ఇచ్చేస్తారు.

రైస్ కుక్కరు, ఇండక్షన్ స్టవ్వు లాంటివి ఏ హాస్టల్లోనైనా సాధారణంగా ఒప్పుకోరు. తెచ్చుకుని దాచుకునేవాళ్లు ఉన్నారు, నేను కాదని అనను, కానీ తనిఖీకి వచ్చి పట్టుకుపోతే అమ్మకి ఏం చెబుతావు?

ఎవరూ చెప్పని వస్తువు ఒకటుంది, మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు. ప్లగ్గు ఒక మూల, మంచం ఇంకో మూల ఉంటాయి ఎప్పుడూ. అది మాత్రం మంచిది కొని తెచ్చుకో.

మొలగొలుకులు
సోమవారం, ఉదయం 6:50

అమ్మణ్ణీ, నేను నెల్లూరు నుంచి. మా అబ్బాయి మూడేళ్ల కింద హాస్టలుకి పోయినప్పుడు నేను మీ అమ్మలాగే పదిహేను రకాలు కట్టినదాన్ని, అందుకే రాస్తున్నా, మీ అమ్మకి చదివి వినిపించు.

బియ్యం వద్దు. మేస్సులో భోజనం పెడతారు, వండుకోవడానికి పొయ్యి ఉండదు, ఇంక బియ్యం ఎందుకు? మా ఇంట్లో మంచి మొలగొలుకుల బియ్యం ఉన్నాయని, ఆడ మేస్సులో అన్నం ఎట్టుంటుందో అని 10 కేజీలు కట్టించా. వాడు మంచం కిందకి నెట్టాడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు అదే మూట తిరిగి తెచ్చాడు, విప్పితే మూట కదులుతోంది, అంత పురుగు. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు అయింది.

పచ్చడి మాత్రం తీసుకుపో, దాన్ని ఎవరు వద్దన్నా వినబాక. కానీ నాలుగు వద్దు, ఒకటి ఆవకాయ, ఒకటి నీకు ఇష్టమైనది. కందిపొడి సరే. రొయ్యల పచ్చడి, చేపల పచ్చడి మొదటిసారే పట్టుకుపోవద్దు, పక్క మంచం అమ్మాయి ఎట్టాంటిదో తెలిసినాక చూసుకో. డబ్బా నిండా కుక్కకుండా రెండు వేళ్లు ఖాళీ వదలాలి, రైలు కుదుపుకి ఊట పైకి వస్తుంది. మూత కింద పాలిథిన్ కాయితం పెట్టి బిగించు, పైన టేపు చుట్టు, డబ్బాను రెండు కవర్లలో కట్టి బకెట్లో నిలబెట్టు. బట్టల సంచిలో మాత్రం పెట్టబాకు. మా వాడి తెల్ల చొక్కాలన్నీ ఆవకాయ రంగుకి వచ్చినాయి, ఆ మరక ఈనాటికీ పోలేదు.

ఇంకోటి. తాళాలు రెండు చెవులున్నవి కొను, ఒక చెవి ఇంట్లో పెట్టి పో. పోగొట్టుకోని పిల్లలు లేరు.

ఉప్పుగాలి
సోమవారం, ఉదయం 8:15

ఆవకాయ రంగు చొక్కా వేసుకునే నేను ఇంటర్వ్యూకి పోయానంటే నమ్ముతారా. అది వేరే కథ.

నాది రామాయపట్నం దగ్గర. హైదరాబాద్ కాదు, ఇంకో ఊళ్లో హాస్టలు, పేరు చెప్పను, మళ్లీ ఎవరైనా చదువుతారు. నేను మా మామ ట్రాలీ ఆటోలో మంచం తప్ప అన్నీ వేసుకుని పోయా. పోయేసరికి ఆఫీసులో అన్నారు, నీ గది ఇంకా ఖాళీ కాలేదు, నాలుగు రోజులు డార్మిటరీలో సర్దుకో అని. డార్మిటరీలో నలభై మందిమి. నా పరుపు, బీరువా లాంటి ప్లాస్టిక్ అలమర, కుర్చీ అన్నీ వరండాలో. మామ అద్దెకి టైమయిందని పోయాడు. ఆ రాత్రి వాన. మా వైపు వాన సంగతి తెలుసుగా, అక్టోబరులో పడితే అడ్డంగా పడుతుంది. పరుపు నీళ్లు తాగి ఇద్దరు మోసినా లేవలేదు. మూడు రోజులు ఎండబెట్టినా వాసన పోలేదు, చివరికి హాస్టలు కుక్కలకి ఇచ్చేశా, అవి కూడా ఒక రోజు చూసి పడుకున్నాయి.

నా మాట ఏందంటే, మొదటి రోజు గది ఇస్తారని నమ్ముకోబాకండి. డార్మిటరీలో తల కింద పెట్టుకుని పడుకోగలిగినంత సామానే పట్టుకుపోండి.

కనిగిరినీళ్లు
సోమవారం, ఉదయం 9:02

సరే ఈ ఒక్క పాయింటు ఒప్పుకుంటున్నా. మాకు కూడా గది ఇవ్వడం ఆలస్యం చేశారు, అప్పుడు రెండు బ్యాగులే ఉండబట్టి బతికిపోయా. కానీ మిగతా సామాను తర్వాతైనా ఇంటి నుంచే పోవాలి, అన్నీ కొనడం దండగ.

తంతితపాలా
సోమవారం, ఉదయం 11:30

కందుకూరు వైపు తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఇందాకటి నుంచి అందరూ రైలు, బస్సు, బండి అంటున్నారు, పోస్టాఫీసు మాట ఒక్కరూ ఎత్తలేదు.

పుస్తకాలు మోయడం తెలివితక్కువ పని. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఒకటి పెట్టారు, చదువుకునే అచ్చు పుస్తకాలకి. ఒక ప్యాకెట్టు 5 కేజీల దాకా, 5 కేజీలకి 100 రూపాయలు, పైన పన్ను. నిదానంగా పోతుంది, ట్రాకింగ్ ఉంటుంది. చేతిరాత నోట్సులు, ఉత్తరాలు అందులో పెట్టకూడదు, అవి నీతోనే తీసుకుపో. పుస్తకాలు నాలుగైదు కేజీల కట్టలుగా విడగొట్టి, నీకు గది నంబరు వచ్చాకే మీ నాయన చేత వేయించు. ఇప్పుడే వేస్తే అది నీకంటే ముందు పోయి, తీసుకునేవాళ్లు లేక తిరిగి పొదిలికే వస్తుంది. ఈ తప్పు ఏటా జూలై, ఆగస్టుల్లో చూసేవాణ్ణి.

బట్టలు, దుప్పట్లు కూడా తర్వాత పంపాలంటే స్పీడ్ పోస్టు పార్సిల్ 35 కేజీల దాకా తీసుకుంటారు. చిరునామా రెండు చోట్ల రాయాలి, బయట ఒకటి, లోపల ఒక కాయితం మీద ఒకటి. బయటది వానకి చెరిగిపోయినా లోపలిది ఉంటుంది. హాస్టలు పేరు, గది నంబరు, నీ ఫోను నంబరు, పిన్ కోడు. గుడ్డ సంచిలో పెట్టి కుట్టించేది పాత పద్ధతి, ఇప్పటికీ అదే గట్టిది.

పెన్నాఒడ్డు
సోమవారం, మధ్యాహ్నం 12:10

బాబాయ్, జ్ఞాన్ పోస్ట్ సంగతి నాకూ తెలీదు. మా పాపకి రెండు కట్టలు కొరియరులో పంపి నాలుగింతలు కట్టా నిరుడు.

ఆర్టీసీ కార్గో కూడా ఉంది. ఒంగోలు బస్టాండులో ఇస్తే హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌కి పోతుంది. సామాను భద్రంగానే వస్తుంది, కానీ ఎంజీబీఎస్ నుంచి అటు చివర లింగంపల్లి దాకా మళ్లీ నువ్వే తెచ్చుకోవాలి. మెట్రోలో మియాపూర్ దాకా పోయి అక్కడి నుంచి ఆటో అనుకున్నా, మెట్రోలో పెద్ద మూటలు రానివ్వరు. మియాపూర్, బీహెచ్‌ఈఎల్ దాకా పోయే ప్రైవేటు బస్సులు కొన్ని ఉన్నాయి, వాటి డిక్కీలో ఒక పెద్ద బ్యాగు అదనంగా వేసినా పెద్దగా పట్టించుకోరు. రైలు టికెట్టు దొరక్కపోతే అదే దారి.

పొదిలిచెరువుగట్టు
సోమవారం, రాత్రి 8:44

అందరూ ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. మొలగొలుకులు ఆంటీ పోస్టు అమ్మకి చదివి వినిపించా. బియ్యం మూట విప్పేసింది, పురుగు అన్న మాట దగ్గరే లేచి వెళ్లిపోయింది. కుక్కరు మాత్రం ఇంకా పెట్టెలోంచి తీయలేదు, "తనిఖీ వాళ్లు ఆడపిల్ల కుక్కరు పట్టుకుపోతారా" అంటోంది.

ఇంకో సందేహం. ఒంగోలు దాకా అమ్మా నేనూ బస్సులో పోదామనుకుంటున్నాం, ఉచితం కదా ఇప్పుడు. సామానుతో ఎక్కనిస్తారా? నాయన హైదరాబాద్ దాకా వస్తానంటున్నాడు, నేను వద్దంటున్నా. నేనొక్కదాన్నే పోగలనని ఆయనకి తెలియాలి కదా.

గెలాక్సీరాయి
సోమవారం, రాత్రి 9:05

స్త్రీ శక్తి, అదే ఆడవాళ్ల ఉచిత బస్సు పథకం, పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ చెల్లుతుంది, సూపర్ లగ్జరీలో చెల్లదు. ఆధార్ ఒరిజినల్ పట్టుకో, జీరో టికెట్ కొడతారు. ఎక్కనివ్వడం కంటే చోటు దొరకడం కష్టం చెల్లెమ్మా. కర్నూలు రోడ్డులో సాయంత్రం బస్సులు మార్కాపురం నుంచే నిండి వస్తాయి, పొదిలిలో నిలబడి మూటలతో ఎక్కాలి. మధ్యాహ్నం బస్సుకే బయల్దేరి ఒంగోలులో చుట్టాలింట్లో కూర్చోండి. సాయంత్రం చీమకుర్తి దగ్గర గ్రానైటు లారీల వెనక ఇరుక్కుంటే ఎప్పుడు చేరతారో దేవుడికే తెలియాలి, నారాయణాద్రి మీ కోసం ఆగదు.

నెమలికూత
సోమవారం, రాత్రి 9:50

నాయన్ని రానివ్వు. నేను కూడా నీలాగే అమ్మానాన్నల్ని కావలి స్టేషన్లోనే ఆపేశా, ఏదో ఘనకార్యం చేసినట్టు. తర్వాత తెలిసింది, అడ్మిషన్ రోజున ఒకరు వరసలో నిలబడాలి, ఇంకొకరు సామాను దగ్గర కూర్చోవాలి, జెరాక్సుకి పరుగెత్తాలి. నేను మూడూ ఒక్కదాన్నే చేశా. ఒక చేత్తో ఫైలు, ఇంకో చేత్తో బకెట్టు పట్టుకుని ఫీజు వరసలో నిలబడ్డా. బకెట్టు వల్ల మా బ్యాచ్‌లో అందరికీ నా పేరు తెలిసింది అనుకో, కానీ నీకు ఆ కీర్తి వద్దు. ఆయన ఒక రోజు ఉండి సాయంత్రం రైలుకి తిరిగొస్తాడు, అంతే కదా.

సర్టిఫికెట్లు పెద్ద బ్యాగులో పెట్టకు, వీపు మీద ఉండే చిన్న బ్యాగులో పెట్టుకో, రైల్లో దాన్ని తల కింద పెట్టుకుని పడుకో. టీసీ, ప్రొవిజనల్, మార్కుల జాబితాలు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు. వేరే యూనివర్సిటీ నుంచి వస్తున్నావు కాబట్టి ఆ పాత యూనివర్సిటీ ఇచ్చే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా, అది అప్లై చేశావా? చాలామంది మర్చిపోయేది అదే. ఫొటోలు ఒక డజను. అన్నిటికీ మూడు సెట్ల జెరాక్సు పొదిలిలోనే తీయించుకో, మొదటి రోజు క్యాంపస్ జెరాక్సు షాపు దగ్గర రొట్టెల పండగ లాగా ఉంటుంది.

పొదిలిచెరువుగట్టు
సోమవారం, రాత్రి 10:02

మైగ్రేషన్ అప్లై చేయలేదు అక్కా!! రేపు పొద్దున్నే పోతున్నా.

ఉప్పుగాలి
సోమవారం, రాత్రి 10:06

చూశారా, ట్రంకు గురించి రెండు రోజులు మాట్లాడాం, కాయితం గురించి ఒక్కరం అడగలేదు.

మొలగొలుకులు
మంగళవారం, ఉదయం 7:15

మీ అమ్మకి కుక్కరు గురించి నేను ఫోన్లో చెప్పనా? నంబరు ఇక్కడ పెట్టబాక, ఊరికే అన్నా. ఆమెకి ఇట్టా చెప్పు: కుక్కరు బదులు ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు ఉంటాయే, అవి రెండు, ఒక స్టీలు ప్లేటు, మూత ఉండే గ్లాసు, చిన్న నెయ్యి సీసా. మేస్సులో చారు ఎట్టున్నా, పైన నెయ్యి కందిపొడి పడితే అన్నం లోపలికి పోతుంది. అమ్మకి కావాల్సింది అదే కదా, నువ్వు తిన్నావని తెలియడం.

పెన్నాఒడ్డు
మంగళవారం, ఉదయం 9:20

సర్దేముందు ఒక పని చేయండి, అంతా కిరాణా కొట్టుకి తీసుకెళ్లి కాటా మీద పెట్టించండి. చేత్తో ఎత్తి "ఇరవై కేజీలుంటుందిలే" అనుకునేవి ముప్పై ఉంటాయి. తర్వాత రెండు బ్యాగులూ తీసుకుని మీ ఇంటి మెట్లు ఎక్కి దిగి చూడు. రెండు నిమిషాల్లో ఆయాసం లేకుండా ఎక్కగలిగితే ఒంగోలులో ఎక్కగలవు.

ఎక్కేటప్పుడు నాయన్ని ముందు ఎక్కమను, నువ్వు కింద నుంచి అందివ్వు. ఇద్దరూ కిందే ఉండి సామాను లోపలికి తోస్తే రైలు కదిలినప్పుడు సామాను పోతుంది, మీరు ఉంటారు. గొలుసూ తాళమూ కొనుక్కుని బ్యాగుల్ని బెర్తు కింద కొక్కేనికి వేయండి.

పొదిలిచెరువుగట్టు
తర్వాతి వారం, గురువారం, రాత్రి 10:15

గదిలోంచి రాస్తున్నా. మూడు రోజులైంది వచ్చి, ఇప్పటికి తీరిక దొరికింది.

కాటా మీద మొదటిసారి ట్రంకుతో కలిపి 71 కేజీలు వచ్చింది. కొట్టు బాబాయ్ "అమ్మాయి పోతోందా, కొట్టు పోతోందా" అన్నాడు. ట్రంకు తీసేశాం, పరుపు తీసేశాం, ఫ్యాను, రెండో బకెట్టు, కుక్కరు (అమ్మ రాత్రి చీకట్లో మళ్లీ పెట్టింది, పొద్దున నేను మళ్లీ తీశా). చివరికి ఒక చక్రాల బ్యాగు, ఒక కొత్త గోతాంలో బొంత, దుప్పట్లు, దిండు, ఒక బకెట్లో పచ్చళ్లు, వీపు మీద కాయితాలు. మొత్తం 33. పుస్తకాలు తంతితపాలా బాబాయ్ చెప్పినట్టు మూడు కట్టలు చేసి నాయనకి అప్పజెప్పా. మైగ్రేషన్ కోసం పడిన తిరుగుడు ఇక్కడ రాయను, దొరికింది, అంతే.

నాయన వచ్చాడు. ఒంగోలులో పెన్నాఒడ్డు అన్న చెప్పినట్టే ఆయన ముందు ఎక్కాడు, నేను అందించా. మా పక్క బోగీ దగ్గర ఒకాయన పెద్ద ఇనప పెట్టెతో ఉన్నాడు, ముగ్గురు తోస్తున్నారు, అది తలుపులో అడ్డంగా ఇరుక్కుంది. నాయన కిటికీలోంచి అది చూసి నా వైపు చూడలేదు. లింగంపల్లిలో దిగాక మాత్రం "ఆ పెట్టె ఎక్కిందంటావా" అన్నాడు.

గది మొదటి రోజు ఇవ్వలేదు. ఉప్పుగాలి అన్నకి నమస్కారం. ఒక రాత్రి వేరే అమ్మాయిల గదిలో నేల మీద బొంత వేసుకుని పడుకున్నా. మరునాడు గది వచ్చింది. మంచం టేపుతో కొలిచా, మా ఇంటి పరుపు కంటే అరడుగు తక్కువ! నెమలికూత అక్కా, పోయిన ఏడాది చదువు అయిపోయిన అమ్మాయి ఒకామె వదిలేసిన పరుపు దొరికింది, ఎండలో వేసి దులిపా. పక్క మంచం అమ్మాయిది నల్లగొండ, ఆవకాయ డబ్బా అప్పుడే సగానికి వచ్చింది, అందులో నేను తిన్నది తక్కువ. ఎక్స్‌టెన్షన్ బాక్సు కోసం ఈ వరస గదుల వాళ్లంతా మా గదికే వస్తున్నారు.

గెలాక్సీరాయి
గురువారం, రాత్రి 10:32

సూపర్ చెల్లెమ్మా. ట్రంకు ఏమైంది మరి? అమ్మితే చెప్పండి, మా డ్రైవర్లు పనిముట్లు పెట్టుకోడానికి అడుగుతున్నారు.

కనిగిరినీళ్లు
గురువారం, రాత్రి 10:40

తాత పెట్టె అమ్ముతారా ఎవరైనా!

పొదిలిచెరువుగట్టు
శుక్రవారం, ఉదయం 7:05

అమ్మేది లేదు అన్నా. నేను తీసుకుపోను అన్నాక, ఊరు బయల్దేరే రోజు పొద్దున నాయన అందులో విత్తనానికి తీసి పెట్టిన కందులు పోసి తాళం వేశాడు. ఎలుకలు రావని. ఆ తాళానికి ఒకటే చెవి. సర్దే హడావిడిలో అది నా చిన్న బ్యాగు జేబులో వేశాడంట, ఇందాక ఐడీ కార్డు కోసం వెతుకుతుంటే చేతికి తగిలింది. పొద్దున ఫోన్ చేస్తే నిన్న రాత్రి పొదిల్లో వాన పడిందంట, విత్తనాలు కావాలంటున్నాడు, తాళం పగలగొట్టడానికి మనసొప్పడం లేదు, తాత తాళం అది. తంతితపాలా బాబాయ్, ఇవాళ స్పీడ్ పోస్టు వేస్తే ఎప్పటికి అందుతుంది?

మొలగొలుకులు
శుక్రవారం, ఉదయం 7:20

నేను ముందే చెప్పలా, రెండు చెవులున్న తాళం అని.

తంతితపాలా
శుక్రవారం, ఉదయం 7:48

పొద్దున్నే కౌంటరు తెరవగానే వేయి, రెండు మూడు రోజుల్లో చేరొచ్చు. ఒట్టి కవర్లో వేయొద్దు, మిషన్లో చెవి గుచ్చుకుని కవరు చిరిగి జారిపోతుంది. చెవిని గట్టి అట్టముక్క మీద పెట్టి దారంతో నాలుగు కుట్లు వేసి, దాని మీద ఇంకో అట్ట పెట్టి టేపు చుట్టు. నాయన ఫోను నంబరు కవరు మీద రాయడం మర్చిపోకు.